టైమింగ్ తప్పిందా, వాల్వ్ పోయిందా? హెడ్ దించకముందే తేల్చుకోండి

చిన్న కారు పికప్ తగ్గి, ఆగి ఉన్నప్పుడు స్టీరింగ్ దాకా వణుకుతుంటే చాలామంది పట్టే వరస ఒకటే. ముందు ప్లగ్గులు, తర్వాత కాయిళ్లు, ఆపైన ఇంజెక్టర్ క్లీనింగ్. అప్పటికీ తగ్గకపోతే నేరుగా హెడ్ (సిలిండర్ల పైన, వాల్వ్‌లు ఉండే లోహపు మూత) దించేస్తారు. మధ్యలో చేయాల్సిన కొలతలు మాత్రం వదిలేస్తారు. నిజానికి జబ్బు ఎక్కడుందో చెప్పేది ఆ కొలతలే. వాటికి కావాల్సినవి కూడా తక్కువే: సిలిండర్‌లో గాలి ఎంత నొక్కుకుంటుందో చూపే కంప్రెషన్ గేజ్, ఇంజన్ గాలి పీల్చే బలాన్ని చూపే వ్యాక్యూమ్ గేజ్, సన్నటి సందులు కొలిచే రేకుల ఫీలర్ గేజ్, కారు కంప్యూటర్‌లోని లోపం కోడ్‌లు చదివే మామూలు ఓబీడీ స్కానర్, ప్లగ్ పానా.

ఏ పరీక్ష చేసినా ఒక ప్రశ్న మనసులో పెట్టుకుని చేయండి. లోపం ఒక్క సిలిండర్‌లో ఉందా, అన్నిట్లోనూ సమానంగా ఉందా? ఒక్కదాంట్లోనే ఉంటే కారణం ఆ సిలిండర్ సొంతం: దాని వాల్వ్, దాని పిస్టన్ రింగులు, దాని ప్లగ్గు, కాయిల్, ఇంజెక్టర్. అన్నిట్లోనూ ఒకేలా ఉంటే అన్నిటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని పట్టుకోవాలి: టైమింగ్ బెల్ట్ లేదా చైన్, పెట్రోల్ ఒత్తిడి, గాలి దారి, సైలెన్సర్. ఈ ఒక్క తేడా ముందే తేలితే సగం పని అయినట్టే.

టైమింగ్ అంటే ఏ టైమింగ్?

ఇంజన్‌లో టైమింగ్‌లు రెండు. ప్లగ్గు ఎప్పుడు నిప్పు వేయాలన్నది ఇగ్నిషన్ టైమింగ్. వాల్వ్‌లు ఎప్పుడు తెరుచుకోవాలి, ఎప్పుడు మూసుకోవాలన్నది వాల్వ్ టైమింగ్. మాట్లాడేటప్పుడు ఈ రెండూ కలిసిపోవడం వల్ల చాలా పొరపాట్లు జరుగుతాయి. ఇగ్నిషన్ టైమింగ్ ఎంత తప్పినా కంప్రెషన్ రీడింగ్ మారదు. ఆ పరీక్ష చేసేటప్పుడు ప్లగ్గులే ఉండవు కదా. వాల్వ్ టైమింగ్ తప్పితే మాత్రం కంప్రెషన్, వ్యాక్యూమ్ రెండూ మారతాయి.

పిస్టన్లతో తిరిగే క్రాంక్ రెండు చుట్లు తిరిగితే వాల్వ్‌లను తెరిచే క్యామ్ ఒక్క చుట్టు తిరుగుతుంది. అందుకే క్యామ్ స్ప్రాకెట్‌కు (బెల్ట్ పట్టే పళ్ల చక్రానికి) క్రాంక్ స్ప్రాకెట్ కంటే రెట్టింపు పళ్లుంటాయి. క్రాంక్ స్ప్రాకెట్‌కు 20 పళ్లున్న ఇంజన్‌లో బెల్ట్ ఒక్క పన్ను జారితే క్రాంక్ లెక్కలో 18 డిగ్రీల తేడా వస్తుంది. అంత తేడాతో బండి స్టార్ట్ అవుతుంది, నడుస్తుంది కూడా. కానీ కింది ఆర్‌పీఎమ్‌లో, అంటే ఇంజన్ తక్కువ వేగంలో, లాగదు, ఐడ్లింగ్ (బండి ఆగి ఉన్నప్పుడు ఇంజన్ నడక) నిలకడగా ఉండదు. రెండు మూడు పళ్లు జారితే స్టార్ట్ కాకపోవచ్చు. చాలా ఇంజన్లలో తెరుచుకున్న వాల్వ్, పైకొచ్చిన పిస్టన్ ఒకే చోటును వేర్వేరు క్షణాల్లో వాడుకుంటాయి. అలాంటి ఇంజన్‌లో టైమింగ్ బాగా తప్పితే పిస్టన్ వాల్వ్‌ను కొట్టి వంచేస్తుంది. కాబట్టి బెల్ట్ తెగిందనో జారిందనో అనుమానం వస్తే "ఒకసారి స్టార్ట్ చేసి చూద్దాం" అని సెల్ఫ్ కొట్టకండి. మిగిలిన మంచి వాల్వ్‌లు కూడా ఆ ఒక్కసారికే వంగిపోవచ్చు.

చెవితో, కంటితో తేలేవి

సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజన్ తిరిగే లయ వినండి. నాలుగు సిలిండర్లూ బాగుంటే చప్పుడు సమానమైన దెబ్బలతో నడుస్తుంది. ఒక దెబ్బ మెత్తగా జారిపోతూ మళ్లీ మళ్లీ వస్తుంటే ఒక సిలిండర్‌లో కంప్రెషన్ లేదు. అడ్డే లేనట్టు ఇంజన్ గిర్రున తిరిగి, స్టార్ట్ కాకపోతే బెల్ట్ తెగి ఉండొచ్చు. అది తేల్చుకోవడానికి సెల్ఫ్ అక్కర్లేదు. బెల్ట్ పై కవర్ రెండు బోల్టులు తీసి చూస్తే చాలు. కవర్ అందని ఇంజన్ అయితే ఆయిల్ పోసే మూత తీసి, క్రాంక్ బోల్ట్‌ను పానాతో చేత్తో మెల్లగా కాస్త తిప్పుతూ లోపల క్యామ్ కదులుతోందా చూడండి. చేతికి గట్టిగా అడ్డు తగిలితే అక్కడే ఆపేయాలి.

నడుస్తున్న ఇంజన్‌లో టిక్ టిక్ మని సన్నటి చప్పుడు ఇంజన్ వేగానికి సగం వేగంతో వస్తుంటే అది పైభాగానిది, అంటే వాల్వ్‌ను నొక్కే ట్యాపెట్‌ది. క్యామ్ సగం వేగంతోనే తిరుగుతుంది కాబట్టి ఆ లయే గుర్తు. ఉదయం స్టార్ట్ చేసిన మొదటి రెండు మూడు సెకన్లు గొలుసు ఈడ్చినట్టు గరగరమని, తర్వాత ఆగిపోతే టైమింగ్ చైన్‌ను బిగువుగా ఉంచే టెన్షనర్‌ను అనుమానించాలి. అది ఆయిల్ ఒత్తిడితో పనిచేస్తుంది. ఆ ఒత్తిడి ఎక్కే వరకు చైన్ వదులుగా కొట్టుకుంటుంది. ఆ చప్పుడు రోజురోజుకూ పొడవైతే చైన్ సాగిందనో గైడ్ అరిగిందనో అర్థం. ఆయిల్ మార్పు ఆలస్యం చేసిన బండ్లలో ఇది ముందుగా వస్తుంది.

సైలెన్సర్ గొట్టం చివర ఒక కాగితం వేలాడదీసి ఐడ్లింగ్‌లో చూడండి. బాగున్న ఇంజన్ కాగితాన్ని నిలకడగా బయటకే నెడుతుంది. కాగితం ఒక లయలో లోపలికి లాక్కుంటూ ఉంటే ఒక సిలిండర్ మిస్సింగ్ కొడుతోంది, అంటే దాంట్లో పెట్రోల్ సరిగా మండటం లేదు, లేదా ఒక ఎగ్జాస్ట్ వాల్వ్ మూసుకోవడం లేదు. ఇన్‌టేక్ వాల్వ్ లీకయితే చప్పుడు అటువైపు కాక, ఎయిర్ ఫిల్టర్ వైపు ఫట్ ఫట్ మని వస్తుంది.

పొగ సంగతి కూడా ఇక్కడే. రాత్రంతా ఆగిన బండి స్టార్ట్ చేయగానే ఒక్క దమ్ము నీలిపొగ వదిలి ఆగిపోతే, వాల్వ్ కాడ వెంట ఆయిల్ దిగకుండా ఆపే స్టెమ్ సీళ్లు గట్టిపడ్డాయి. యాక్సిలరేటర్ వదిలి పల్లంలో దిగి, మళ్లీ తొక్కగానే పొగ వచ్చినా వాటి పనే. తొక్కి ఉంచినంత సేపూ నీలిపొగ వస్తుంటే రింగులు.

స్కానర్ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

పీ0301 మొదలు పీ0304 వరకు కోడ్‌లు ఏ సిలిండర్‌లో మిస్సింగ్ ఉందో చెబుతాయి. ఎందుకుందో చెప్పవు. ఉదాహరణకు పీ0302 వస్తే రెండో సిలిండర్ కాయిల్‌ను మూడోదానికి మార్చండి. కోడ్ పీ0303కి మారితే కాయిల్ తప్పు. మారకపోతే ప్లగ్గును అలాగే మార్చి చూడండి. వీలైతే ఇంజెక్టర్‌ను కూడా. మూడూ మార్చినా మిస్సింగ్ రెండోదాన్నే పట్టుకుని ఉంటే ఇక కంప్రెషన్ చూడాల్సిందే.

పీ0016, పీ0017 క్రాంక్, క్యామ్ సిగ్నళ్ల మధ్య పొంతన కుదరలేదని చెబుతాయి. ఇవి వస్తే చాలామంది సెన్సర్ మారుస్తారు. సెన్సర్ పూర్తిగా పోతే లేదా వైరు తెగితే ఎక్కువగా వచ్చేవి పీ0335, పీ0340. పీ0016 వచ్చిందంటే సాధారణంగా రెండు సెన్సర్లూ సిగ్నల్ ఇస్తున్నాయి, ఆ రెండు సిగ్నళ్లే ఒకదానితో ఒకటి కలవడం లేదు. కాబట్టి ముందు చూడాల్సింది చైన్, బెల్ట్, క్రాంక్ కీ (స్ప్రాకెట్ క్రాంక్ మీద జారకుండా పట్టే చిన్న లోహపు ముక్క). ఇటీవలే బెల్ట్ మార్చిన బండికి ఈ కోడ్ వస్తే బెల్ట్ ఒక పన్ను తప్పుగా ఎక్కించి ఉండొచ్చని మొదటే అనుకోండి.

లైవ్ డేటాలో మ్యాప్ సెన్సర్ (ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోని గాలి ఒత్తిడి కొలిచేది) రీడింగ్ చూడటం మరచిపోవద్దు. సముద్ర మట్టానికి దగ్గర్లో, వేడెక్కిన ఇంజన్ ఏసీ లేకుండా ఐడ్లింగ్‌లో ఉంటే అది సుమారు 30 నుంచి 40 కిలోపాస్కల్ చూపాలి. గాలి లీకు లేకుండా 50 దాటి స్థిరంగా ఉంటే ఇంజన్ సరిగా పీల్చుకోవడం లేదు. వాల్వ్ టైమింగ్ వెనకబడినప్పుడు కనిపించే తొలి గుర్తుల్లో అదొకటి.

వ్యాక్యూమ్ గేజ్ ముల్లు

ధర తక్కువ, చెప్పేది చాలా ఎక్కువ. ఇంజన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే త్రోటిల్ బాడీ తర్వాత, సిలిండర్లకు గాలి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్ మీదున్న గొట్టానికి T ఆకారపు జాయింట్ పెట్టి గేజ్ కలపండి. ఇంజన్ బాగా వేడెక్కాక ఐడ్లింగ్‌లో 17 నుంచి 22 ఇంచుల పాదరసం మధ్య ముల్లు కదలకుండా నిలవాలి. ఎత్తైన ప్రాంతాల్లో ప్రతి వెయ్యి అడుగులకు సుమారు ఒక ఇంచు తక్కువ చూపుతుంది. ఆ మేరకు లెక్క సరిచేసుకోండి.

ముల్లు నిలకడగానే ఉండి రీడింగ్ మాత్రం తక్కువగా ఉంటే లోపం ఉమ్మడిది. రెండు మూడు ఇంచులు తక్కువైతే ఇగ్నిషన్ టైమింగ్ వెనకబడి ఉండొచ్చు. ఐదారు ఇంచులో అంతకన్నా ఎక్కువో తగ్గితే వాల్వ్ టైమింగ్, లేదా మానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గర పెద్ద గాలి లీకు. ముల్లు ఒక లయలో ప్రతిసారీ ఒకే అంత కిందికి పడి లేస్తుంటే ఒక వాల్వ్ కాలింది లేదా మూసుకోవడం లేదు. లయ లేకుండా అప్పుడప్పుడు పడితే వాల్వ్ తన గైడ్‌లో (అది జారే గొట్టంలో) ఇరుక్కుంటోంది. ఐడ్లింగ్‌లో గబగబా వణికి, రేజ్ చేస్తే స్థిరపడితే గైడ్‌లు అరిగాయి. రేజ్ చేసే కొద్దీ ఊపు పెరిగితే వాల్వ్ స్ప్రింగులు బలహీనపడ్డాయి.

గేజ్ తీయకముందు ఇంకొక్క పరీక్ష చేయండి. ఇంజన్‌ను 2500 ఆర్‌పీఎమ్ దగ్గర పట్టి ఉంచండి. రీడింగ్ మొదట బాగానే ఉండి మెల్లమెల్లగా దిగజారుతుంటే ఎగ్జాస్ట్ దారి మూసుకుపోతోంది, ఎక్కువగా క్యాటలిటిక్ కన్వర్టర్ దగ్గర. పికప్ లేకపోవడం, వేడెక్కడం, అన్ని సిలిండర్లూ నీరసంగా ఉండటం, ఇవన్నీ అచ్చం టైమింగ్ తప్పినట్టే కనిపిస్తాయి. ఈ పరీక్ష చేయకుండా టైమింగ్ కవర్ విప్పితే ఆ శ్రమంతా వృథా కావచ్చు.

కంప్రెషన్ పరీక్ష

ఈ పరీక్షను చాలామంది చేస్తారు, సరిగా చేసేవాళ్లు తక్కువ. ఇంజన్ వేడిగా ఉండాలి. బ్యాటరీ పూర్తి చార్జ్‌లో ఉండాలి. పెట్రోల్ పంపు ఫ్యూజో రిలేనో తీయండి. కాయిళ్ల కనెక్టర్లు, వీలైతే ఇంజెక్టర్ల కనెక్టర్లు కూడా ఊడదీయండి. ప్లగ్ గుంతల్లో ఉన్న దుమ్మును గాలి కొట్టి ఊదేశాకే ప్లగ్గులు విప్పాలి. లేకపోతే ఆ ఇసుకంతా సిలిండర్‌లో పడుతుంది. ఒక్కటి కాదు, అన్ని ప్లగ్గులూ తీయాలి. యాక్సిలరేటర్‌ను చివరిదాకా తొక్కి పట్టాలి. కేబుల్ కాకుండా కరెంటుతో తెరుచుకునే ఎలక్ట్రానిక్ త్రోటిల్ అయితే, పెడల్ తొక్కినా సెల్ఫ్ సమయంలో అది నిజంగా తెరుచుకుంటోందా అన్నది కంటితో చూసుకోండి.

ప్రతి సిలిండర్‌కూ ఇంజన్‌ను ఒకే సంఖ్యలో, ఐదారు దెబ్బల దాకా తిప్పండి. చివరి అంకెతోపాటు మొదటి దెబ్బకే ముల్లు ఎంతకు ఎగిరిందో కూడా రాసుకోండి. చాలా పెట్రోల్ ఇంజన్లలో 150 నుంచి 190 పీఎస్‌ఐ, అంటే సుమారు 10 నుంచి 13 బార్ వస్తుంది. మీ ఇంజన్‌కు ఎంత ఉండాలన్నది సర్వీస్ మాన్యువల్ చెప్పాలి. అంకె ఎంతన్నదానికంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. అన్నిటికన్నా ఎక్కువ వచ్చినదాంట్లో 75 శాతం కంటే తక్కువ ఏ సిలిండర్‌లో వచ్చినా లోపమే. డీజిల్ ఇంజన్‌లో ఒత్తిడి దీనికి రెట్టింపు దాటుతుంది. పెట్రోల్ గేజ్ దానికి వాడకూడదు.

తక్కువ వచ్చిన సిలిండర్‌లో మొదటి దెబ్బకు కొంచెం, తర్వాత ఒక్కో దెబ్బకు కొంచెం కొంచెం పెరిగితే రింగులు. మొదటి దెబ్బకు తక్కువగా వచ్చి అక్కడే ఉండిపోతే వాల్వ్. రూఢి చేసుకోవడానికి ప్లగ్ గుంతలోంచి ఒక టీ స్పూను, అంటే 5 మిల్లీలీటర్ల ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. ఆయిల్ రింగుల సందు మూస్తుంది కాబట్టి రీడింగ్ బాగా పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వ్ లేదా హెడ్ గ్యాస్కెట్ (హెడ్‌కూ ఇంజన్‌కూ మధ్య ఉండే సీలు). ఆయిల్ ఎక్కువ పోయకండి. అది పైన ఖాళీని తగ్గించి అబద్ధపు అంకె చూపుతుంది. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు రెండూ సమానంగా పడిపోతే, ఆ రెండింటి మధ్య గ్యాస్కెట్ కాలిందని ముందుగా అనుమానించండి.

అన్ని సిలిండర్లలోనూ ఒకేలా తక్కువ వస్తే, ఉదాహరణకు నాలుగింట్లోనూ 105 నుంచి 110 వస్తే, టైమింగ్ వైపు చూడాలి. ఇన్‌టేక్ వాల్వ్ ఆలస్యంగా మూసుకోవడంతో పిస్టన్ పైకొస్తున్నా గాలి వెనక్కి తప్పించుకుపోతోంది. అయితే ఆ మాట అనుకునే ముందు మూడు తేల్చుకోండి. త్రోటిల్ తెరిచి ఉందా? సెల్ఫ్ జోరుగా తిరుగుతోందా? ఎంతసేపటికీ స్టార్ట్ కాక పెట్రోల్‌తో తడిసిన ఇంజనా? పెట్రోల్ సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తే కూడా అన్నిట్లోనూ కంప్రెషన్ పడిపోతుంది. అప్పుడు ఆయిల్ పోసి కొలిస్తే అన్నీ పైకి లేస్తాయి. టైమింగ్ తప్పిన ఇంజన్‌లో ఆ పెరుగుదల స్వల్పంగానే ఉంటుంది.

గాలి ఎక్కించి వినడం

ఒక్క సిలిండర్ తక్కువని తేలాక, అది ఏ దారిన పోతోందో లీక్ డౌన్ పరీక్ష వేలు పెట్టి చూపిస్తుంది. ఆ సిలిండర్ పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోక్ చివర పైకి, అంటే టీడీసీకి తెచ్చి, ప్లగ్ గుంతలోంచి కంప్రెసర్ గాలి ఎక్కించాలి. 100 పీఎస్‌ఐ ఎక్కిస్తే ఎన్ని శాతం జారిపోతోందో గేజ్ చెబుతుంది. 10 శాతం లోపు మంచి ఇంజన్. 20 దాటితే ఎక్కడికి పోతోందో వెతకాలి.

ఇప్పుడు చెవికి పని. త్రోటిల్ బాడీ దగ్గర బుస్సుమంటే ఇన్‌టేక్ వాల్వ్. సైలెన్సర్ చివర వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వ్. ఆయిల్ మూత లేదా డిప్‌స్టిక్ గొట్టం దగ్గరైతే రింగులు, అక్కడ కొద్దిపాటి శబ్దం ప్రతి ఇంజన్‌లోనూ ఉంటుంది. రేడియేటర్‌లో బుడగలొస్తే హెడ్ గ్యాస్కెట్ లేదా హెడ్‌లో పగులు. రేడియేటర్ మూతను మాత్రం ఇంజన్ చల్లారాకే తీయండి.

ఒక హెచ్చరిక. పిస్టన్ సరిగ్గా పైన లేకపోతే గాలి ఒత్తిడికి క్రాంక్ ఒక్కసారిగా తిరుగుతుంది. క్రాంక్ బోల్ట్ మీద పానా వదిలేసి గాలి ఎక్కించకండి, చేయి విరుగుతుంది. ముందు చాలా తక్కువ ఒత్తిడితో మొదలుపెట్టి, క్రాంక్ కదలడం లేదని చూశాక పెంచండి.

టైమింగ్ గుర్తులు చూడటం

కొలతలు టైమింగ్ వైపు చూపిస్తేనే కవర్ విప్పండి. ప్లగ్గులు తీసి ఉంచితే క్రాంక్ చేత్తో తేలిగ్గా తిరుగుతుంది. ఎప్పుడూ క్రాంక్ బోల్ట్‌తోనే, ఇంజన్ నడిచే దిశలోనే తిప్పాలి. క్యామ్ బోల్ట్ పట్టుకుని తిప్పితే బెల్ట్ మీద అనవసరపు లాగుడు పడి అదే జారొచ్చు.

ఒకటో సిలిండర్‌ను టీడీసీకి తెచ్చి క్యామ్ స్ప్రాకెట్ గుర్తు హెడ్ మీది గుర్తుకు ఎదురుగా ఉందా చూడండి. లేకపోతే ఇంకో పూర్తి చుట్టు తిప్పండి. క్రాంక్ గుర్తు రెండుసార్లు కలిస్తే క్యామ్ గుర్తు ఒక్కసారే కలుస్తుంది. ఇక్కడే చాలామంది పడే గుంత ఒకటుంది. క్రాంక్ పుల్లీ బయటి చుట్టుకూ లోపలి భాగానికీ మధ్య రబ్బరు ఉంటుంది. అది పాతబడి జారితే బయటి గుర్తు పక్కకు పోతుంది, అక్కడ కనిపించే టీడీసీ అబద్ధమవుతుంది. అందుకే పుల్లీ గుర్తును గుడ్డిగా నమ్మకండి. ప్లగ్ గుంతలోంచి పొడవైన సన్నటి చెక్క పుల్ల వదిలి, పిస్టన్ నిజంగా పైకొచ్చిందా చూసుకోండి. పక్కా కొలత కావాలంటే పుల్లీ తీసి, లోపలి స్ప్రాకెట్ గుర్తును ఆయిల్ పంప్ బాడీ మీది గుర్తుతో పోల్చాలి.

పుల్లీ తీసినప్పుడు క్రాంక్ కీని, అది కూర్చునే గాడిని చూడండి. క్రాంక్ బోల్ట్ సరిగా బిగించని బండ్లలో ఆ గాడి వెడల్పవుతుంది. అప్పుడు టైమింగ్ ఒక పన్నంత కాకుండా నాలుగైదు డిగ్రీలే తప్పుతుంది, గుర్తులు దాదాపు కలిసినట్టే కనిపిస్తాయి. ఎంత వెతికినా దొరకని నీరసానికి ఇది కారణం కావడం అరుదేమీ కాదు.

చైన్ ఇంజన్‌లో రంగు వేసిన లింకులుంటాయి. అవి బిగించే రోజు మాత్రమే గుర్తులకు ఎదురుగా ఉంటాయి. ఇంజన్ రెండు చుట్లు తిరిగాక లింకులు గుర్తులకు దూరమవడం సహజం. దాన్ని చూసి చైన్ తప్పిందని అనుకోవద్దు. స్ప్రాకెట్ల గుర్తులే ప్రమాణం.

బెల్ట్ మార్చి బిగించాక క్రాంక్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి, గుర్తులన్నీ మళ్లీ కలిశాయని చూసుకునే వరకు సెల్ఫ్ కొట్టకూడదు. మధ్యలో ఇనుముకు ఇనుము తగిలినట్టు ఆగితే బలం పెట్టకండి, వెనక్కి వచ్చి మళ్లీ సరిచూడండి. బెల్ట్ మాత్రమే మార్చి పాత టెన్షనర్, ఐడ్లర్ (బెల్ట్‌ను దారిలో ఉంచే చక్రం) ఉంచడం మిగుల్చుకునే పని కాదు. అదే బెల్ట్‌తో తిరిగే వాటర్ పంపు ఉంటే దాన్నీ మార్చండి. పొడిగా నడవాల్సిన బెల్ట్‌కు ఆయిల్ తగిలితే అది త్వరగా ఉబ్బి పళ్లు ఊడతాయి కాబట్టి క్రాంక్, క్యామ్ సీళ్లు కారుతున్నాయేమో చూడాలి. మార్చే గడువు కిలోమీటర్లకే కాదు, ఏళ్లకూ ఉంటుంది. తక్కువ తిరిగే బండిలో ఏళ్ల లెక్కే ముందొస్తుంది.

నడుస్తుండగానే వాల్వ్ టైమింగ్‌ను మార్చుకునే (వేరియబుల్ వాల్వ్ టైమింగ్) ఇంజన్‌లో గుర్తులన్నీ సరిగా ఉండి కూడా, క్యామ్ ఉండాల్సినదానికంటే ముందుందని లేదా వెనకుందని చెప్పే పీ0011 లేదా పీ0012 రావొచ్చు. ముందు ఆయిల్ మట్టం, గ్రేడ్ చూడండి. తర్వాత ఆయిల్ కంట్రోల్ వాల్వ్ తీసి దాని జల్లెడలో జిగురు పట్టిందేమో చూడండి. ఇన్‌టేక్ వైపు కంట్రోల్ వాల్వ్ అయితే, వేడి ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉండగా దానికి ఫ్యూజ్ ఉన్న వైరుతో ఒకటి రెండు సెకన్లు బ్యాటరీ కరెంటు ఇస్తే ఇంజన్ తడబడాలి లేదా ఆగిపోవాలి. ఏ మార్పూ లేకపోతే కంట్రోల్ వాల్వో, క్యామ్ చివర ఉండి దాన్ని ముందుకూ వెనక్కూ జరిపే ఫేజరో ఇరుక్కుంది.

ప్లగ్గులకు వరసగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ ఉన్న పాత బండ్లకు మాత్రమే ఇగ్నిషన్ టైమింగ్ చేత్తో సరిచేసే వీలుంటుంది. వ్యాక్యూమ్ అడ్వాన్స్ గొట్టం తీసి మూసి, టైమింగ్ లైట్‌ను ఒకటో ప్లగ్ వైరుకు తగిలించి, మాన్యువల్ చెప్పిన ఐడ్లింగ్‌లో చూడాలి. డిస్ట్రిబ్యూటర్ బాడీని రోటర్ తిరిగే దిశకు ఎదురుగా తిప్పితే టైమింగ్ ముందుకు వస్తుంది. గుర్తు ఒక చోట నిలవకుండా ముందుకూ వెనక్కూ గెంతుతుంటే సరిచేయడం దండగ, ముందు డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ అరుగుదల, చైన్ వదులు చూడండి. కొత్త ఇంజన్లలో ఈ పని ఈసీయూది, అంటే ఇంజన్ కంప్యూటర్‌ది.

ట్యాపెట్ సెట్టింగ్

ట్యాపెట్ చప్పుడు చేస్తే అందరూ భయపడతారు. నిజంగా భయపడాల్సింది చప్పుడు లేని బిగువు ట్యాపెట్‌కు. ఎగ్జాస్ట్ వాల్వ్ తన వేడిని తాను ఆనుకునే సీటుకు అప్పగించేది మూసుకుని ఉన్న ఆ కాసేపే. క్లియరెన్స్ (వాల్వ్ మూసుకున్నప్పుడు దాని పైన ఉండాల్సిన సన్నటి సందు) అయిపోతే వాల్వ్ సీటుకు పూర్తిగా ఆనదు, వేడి దిగదు, అంచు కాలి పగులుతుంది. సీఎన్‌జీ, ఎల్‌పీజీ మీద నడిచే బండ్లలో వాల్వ్ సీటు త్వరగా అరిగి వాల్వ్ లోపలికి దిగుతుంది, క్లియరెన్స్ నిశ్శబ్దంగా తగ్గిపోతుంది. ఆ బండ్లలో ట్యాపెట్లను మరింత తరచుగా కొలవాలి. ఇంకో మాట: చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక మిస్సింగ్ కొట్టే ఇంజన్‌లో ముందుగా చూడాల్సింది బిగువు ట్యాపెట్‌నే.

మాన్యువల్ చల్లటి ఇంజన్‌కు కొలత ఇస్తే ఇంజన్ రాత్రంతా ఆరి ఉండాలి. చాలా చిన్న ఇంజన్లలో ఇన్‌టేక్ 0.15 నుంచి 0.20 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ 0.20 నుంచి 0.30 మధ్య ఉంటుంది. మీ ఇంజన్ అంకె మాన్యువల్‌లో చూసుకున్నాకే సరిచేయండి.

1-3-4-2 వరసలో నిప్పు పడే నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో రెండే స్థానాల్లో అన్ని ట్యాపెట్లూ చూడొచ్చు. ఒకటో సిలిండర్ కంప్రెషన్ టీడీసీలో ఉన్నప్పుడు 1, 2 ఇన్‌టేక్‌లు, 1, 3 ఎగ్జాస్ట్‌లు కొలవండి. క్రాంక్‌ను సరిగ్గా ఒక చుట్టు తిప్పి 3, 4 ఇన్‌టేక్‌లు, 2, 4 ఎగ్జాస్ట్‌లు కొలవండి. మూడు సిలిండర్ల ఇంజన్‌లో ఒక్కో సిలిండర్‌ను దాని కంప్రెషన్ టీడీసీకి తెచ్చుకోవడం సులువు. ఫీలర్ గేజ్ రేకు కొద్దిపాటి రాపిడితో జారాలి. దాని పై సైజు రేకు దూరకూడదు. స్క్రూ రకంలో లాక్ నట్ బిగించేటప్పుడు స్క్రూ కాస్త తిరిగి కొలత మారిపోతుంది, కాబట్టి బిగించాక మళ్లీ కొలవండి. రాకర్ ముఖం మీద గుంత పడి ఉంటే చదునైన రేకు ఆ గుంత మీదుగా పోయి, ఉన్నదాని కంటే తక్కువ చూపుతుంది.

షిమ్ (సందు సరిచేయడానికి వేసే బిళ్ల) రకంలో లెక్క ఇది: కొత్త షిమ్ మందం = పాత షిమ్ మందం + కొలిచిన క్లియరెన్స్ − ఉండాల్సిన క్లియరెన్స్. పాత షిమ్ 2.70, కొలిచింది 0.10, ఉండాల్సింది 0.25 అయితే కొత్తది 2.55 మిల్లీమీటర్లు. షిమ్ మీద అచ్చువేసిన అంకె కాకుండా మైక్రోమీటర్‌తో కొలిచిన మందాన్నే లెక్కలో వేయండి. ఆయిల్ ఒత్తిడితో సందును తామే సరిచేసుకునే హైడ్రాలిక్ లిఫ్టర్లున్న ఇంజన్‌లో మనం సరిచేయడానికి ఏమీ ఉండదు. ఉదయం కాసేపు టిక్ మని ఆగితే ఫర్వాలేదు. వేడెక్కాక కూడా కొనసాగితే ఆయిల్ మట్టం, గ్రేడ్, ఒత్తిడి చూడాలి.

క్లియరెన్స్ అంకెలు వాల్వ్ ఆరోగ్యం కూడా చెబుతాయి. ఒక్కటే బాగా బిగిసి, ఆ సిలిండర్‌లోనే కంప్రెషన్ తక్కువగా ఉంటే వాల్వ్ కాలడమో సీటు దిగడమో జరిగింది. ముందు క్లియరెన్స్ సరిచేసి మళ్లీ కంప్రెషన్ కొలవండి. అంచు ఇంకా కాలకపోతే కంప్రెషన్ తిరిగి వస్తుంది, హెడ్ దించే పని తప్పుతుంది. బెల్ట్ తెగిన ఇంజన్‌లో ఒక్కదానికి క్లియరెన్స్ విపరీతంగా పెరిగితే ఆ వాల్వ్ వంగి తెరుచుకునే ఉండిపోయింది.

బెల్ట్ తెగిన ఇంజన్

కొత్త బెల్ట్ వేసి చూద్దామనే ముందే వాల్వ్‌లు తేల్చుకోవచ్చు. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో క్రాంక్‌ను టీడీసీ నుంచి 90 డిగ్రీలు తిప్పితే నాలుగు పిస్టన్లూ సిలిండర్ మధ్యలో ఉంటాయి. అప్పుడు క్యామ్ తిప్పినా వాల్వ్‌కు పిస్టన్ తగలదు. క్రాంక్‌ను కదలకుండా గట్టిగా లాక్ చేసి, ఒక్కో సిలిండర్‌కు రెండు వైపుల వాల్వ్‌లూ మూసుకునేలా క్యామ్ తిప్పి, తక్కువ ఒత్తిడితో గాలి ఎక్కించండి. ఇన్‌టేక్‌లోకో ఎగ్జాస్ట్‌లోకో జోరుగా పోతే అది వంగింది. ప్లగ్ గుంతలోంచి చిన్న కెమెరా దింపితే పిస్టన్ తల మీద నెలవంక ఆకారపు దెబ్బలు కూడా కనిపిస్తాయి.

హెడ్ దించాల్సి వస్తే, దించాక, దాంట్లోని వాల్వ్‌లు విప్పకముందు ప్లగ్గులు బిగించి, హెడ్‌ను తిరగేసి ఒక్కో చాంబర్‌లో కిరోసిన్ పోయండి. ఏ పోర్టులోంచి కారితే ఆ వాల్వ్ తప్పు. కొత్త వాల్వ్ వేసినా సీటుకు లాపింగ్ పేస్టుతో (సన్నటి అరగదీసే పొడి కలిసిన ముద్దతో) రుద్ది చూడాలి. చుట్టూ తెగకుండా ఒకే వెడల్పు బూడిదరంగు వలయం రావాలి. మధ్యలో తెగితే సీటు కోయించాలి. హెడ్ అడుగును స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి ఫీలర్ గేజ్‌తో కొలవండి. చాలా మాన్యువళ్లలో 0.05 మిల్లీమీటర్ల హద్దు ఉంటుంది. స్టెమ్ సీళ్లన్నీ కొత్తవి వేయండి. లాపింగ్ పేస్టు రవ్వంత మిగిలినా గైడ్‌లను, క్యామ్ బేరింగులను తినేస్తుంది, కాబట్టి హెడ్‌ను పూర్తిగా కడిగాకే బిగించాలి. సీటు కోసిన వాల్వ్ లోపలికి దిగి క్లియరెన్స్ తగ్గుతుంది. అందుకే హెడ్ బిగించాక ట్యాపెట్లన్నీ కొత్తగా సెట్ చేసి, 1000 కిలోమీటర్లు నడిచాక చల్లటి ఇంజన్ మీద మరోసారి కొలవండి.